సింగపూర్ మిషన్లు కొనుక్కొస్తే మన నల్లాలు బాగుపడతాయా?

వాట్సాప్‌లో ఒక ఫార్వర్డ్ తెగ తిరుగుతోంది, మీకూ వచ్చే ఉంటుంది. అందులో ఏముందంటే, సింగపూర్ దగ్గర టెక్నాలజీ ఉంది కాబట్టి మురుగునీళ్ళని శుద్ధి చేసి అందరూ అవే తాగుతున్నారు, మనమూ ఆ మిషన్లు కొంటే హైదరాబాద్, చెన్నైలకి కరువే ఉండదు, మంచి నీళ్ళిస్తే జనం వాళ్ళే తాగుతారు, కాదంటే ఒక జీవో ఇస్తే చాలు, పాలన బాగుచెయ్యడం ఎలాగూ మనవల్ల కాదు అని. చదివి వదిలేసే విషయం కాదిది, ఒక్కో ముక్కా చూద్దాం.

మొదటిది, టెక్నాలజీ వల్లే అయిందనడం. సింగపూర్ 1974లోనే పైలట్ ప్లాంటు పెట్టి, ఖర్చెక్కువ, మెంబ్రేన్లని, అంటే నీళ్ళని వడగట్టే సన్నటి పొరల్ని, నమ్మలేం అని మూసేసింది. తర్వాత మెంబ్రేన్లు మెరుగయ్యాయి, రేట్లు తగ్గాయి, నిజమే. కానీ అవే మెంబ్రేన్లు డబ్బు పెడితే ఎవరికైనా దొరుకుతాయి కదా, మరి అన్ని ఊళ్ళూ సింగపూర్ ఎందుకు కాలేదు? 2001లో అక్కడ మురుగు, డ్రైనేజీ పనుల్ని కూడా నీళ్ళ సంస్థ పీయూబీ కిందకే తెచ్చారు, అంటే వాననీళ్ళు, తాగేనీళ్ళు, వాడేసిన నీళ్ళు అన్నిటికీ జవాబు చెప్పేది ఒక్కరే. మన హైదరాబాద్‌లో 1989లో వచ్చిన వాటర్ బోర్డుకి మంచినీళ్ళూ మురుగూ ఉన్నాయి గానీ వాననీటి నాలాలు కార్పొరేషన్‌వి, రోడ్డు మీద నీళ్ళు నిలిస్తే ఎవరికి ఫోన్ చెయ్యాలో తెలియక జనం తిరిగేది అందుకే.

ఇంక అందరూ అవే తాగుతున్నారన్నది తప్పు. ఆ నీళ్ళలో ఎక్కువ భాగం చిప్ ఫ్యాక్టరీలకి, మిగతా పరిశ్రమలకి, పెద్ద బిల్డింగుల కూలింగ్‌కి పోతుంది, కొంత మాత్రమే రిజర్వాయర్లలో కలుస్తుంది, అక్కణ్ణుంచి మళ్ళీ శుద్ధి అయ్యాకే నల్లాలోకి వస్తుంది.

మంచివైతే జనం వాళ్ళే తాగుతారట. ఆస్ట్రేలియాలో టువూంబా అనే ఊళ్ళో ఇలాంటి ప్లాంటే కడదామనుకున్నారు, పెద్ద కరువులో ఉన్నారు కూడా, అయినా 2006 జులైలో ఓటింగ్ పెడితే దాదాపు 62 శాతం వద్దన్నారు. ప్లాన్ ముందే ఖాయం చేసుకుని తర్వాత జనాన్ని ఒప్పించబోతే భయం ముందు సైన్సు నిలబడలేదు. సింగపూర్‌లో మాత్రం బయటి నిపుణుల ప్యానెల్‌తో చెక్ చేయించి, 2002 నేషనల్ డే నాడు ప్రధాని గో చోక్ టాంగ్ జనం ముందే ఆ నీళ్ళు తాగి, తర్వాత చూడ్డానికి విజిటర్ సెంటర్ కూడా తెరిచారు.

జీవో సంగతి చెన్నైని అడగండి. 2003లో ప్రతి బిల్డింగుకీ ఇంకుడు గుంత తప్పనిసరి చేసి గడువు పెట్టి గట్టిగా కట్టించారు, అది మంచి పనే. తర్వాత పూడిక తీశారా లేదా అని చూసే బాధ్యత ఎవరికీ గట్టిగా లేదు, 2019లో ఊరికి నీళ్ళిచ్చే చెరువులు ఎండిపోయి ట్యాంకర్ల కోసం జనం బిందెలతో క్యూ కట్టారు.

చివరిది, అసలు నాకు మండేది, పాలన బాగుపడదన్న మాట. కంబోడియా రాజధాని నామ్ పెన్ చూడండి. యుద్ధాలతో చితికిపోయిన ఊరు, 1993లో సరఫరా చేసిన నీళ్ళలో 72 శాతం లెక్కలోకే రాలేదు, కొంత లీకు, కొంత దొంగ కనెక్షన్లు, వాటిలో సొంత స్టాఫ్ చేతివాటం కూడా ఉంది. అప్పుడు అక్కడి నీళ్ళ సంస్థకి పెద్దగా వచ్చిన ఇంజనీరు ఎక్ సన్ చాన్ ప్రతి కనెక్షన్‌కీ మీటరు పెట్టాడు, మిలిటరీ పెద్దలక్కూడా, ఒక జనరల్ తుపాకీ చూపించి బెదిరించినా వెనక్కి తగ్గలేదు. పని చేసే ఉద్యోగికి జీతం పెంచారు, దొంగ కనెక్షన్లు పట్టిచ్చినవాళ్ళకి బహుమతి ఇచ్చారు, 1996లో సంస్థకి స్వయంప్రతిపత్తి వచ్చింది. పదిహేనేళ్ళలో ఆ నష్టం 6 శాతం దగ్గరికి దిగి 24 గంటలూ నీళ్ళొచ్చాయి. మీటరు కొత్త వస్తువేం కాదు కదా, అది మన ఊళ్ళలోనూ దొరుకుతుంది, దాన్ని జనరల్ ఇంటికి కూడా బిగించి బిల్లు వసూలు చేసే అధికారం ఆ సంస్థకి ఉండటమే అక్కడ కొత్త.

అంత దూరం కాదు, మన పక్క రాష్ట్రం ఒడిశాలో పూరీ 2021 జులై నుంచి 24 గంటలూ నల్లా నుంచి నేరుగా తాగే నీళ్ళిస్తోంది. అక్కడ జలసాథీలని స్వయం సహాయక సంఘాల మహిళలు ఇల్లిల్లూ తిరిగి నీళ్ళ క్వాలిటీ చూస్తారు, బిల్లులు వసూలు చేస్తారు, కంప్లైంట్లు తీసుకుంటారు, వసూలైనదాన్ని బట్టి వాళ్ళకి కమిషన్ వస్తుంది.