‘రేపు రావొద్దమ్మా’ అనే ఫోనుకు జవాబేది?

భీమవరం చుట్టుపక్కల ఊళ్లలోకి రొయ్యల ప్లాంటు బస్సు ఇంకా చీకటి ఉండగానే వస్తుంది. అన్నం క్యారేజీలు పట్టుకుని ఆడవాళ్లు ఎక్కుతారు. పొద్దంతా ఐసు నీళ్లలో చేతులు పెట్టి రొయ్యల తలలు తీస్తారు, పొట్టు వలుస్తారు, కౌంటు ప్రకారం, అంటే కిలోకి ఎన్ని తూగుతాయో చూసి వేరు చేస్తారు. సాయంత్రం గ్లవుజులు తీస్తే వేళ్లు తెల్లగా నానిపోయి, ముడతలు పడి ఉంటాయి. ఇక్కడ పని పోవడం అంటే చేతికి నోటీసు రావడం కాదు. ముందు రోజు రాత్రి సూపర్‌వైజరు ఫోను చేసి ‘సరుకు లేదు, రేపు రావొద్దమ్మా’ అంటాడు. ఎల్లుండి సంగతి చెప్పడు.

2025 ఆగస్టు 27న అమెరికా మన సరుకుల్లో చాలావాటి మీద సుంకాన్ని 50 శాతానికి పెంచింది. రొయ్య మీద అప్పటికే ఉన్న యాంటీ డంపింగ్ (మరీ చవగ్గా అమ్ముతున్నారని వేసేది), కౌంటర్‌వెయిలింగ్ (మన ప్రభుత్వ సబ్సిడీకి విరుగుడుగా వేసేది) సుంకాలు కలుపుకుంటే భారం 60 శాతానికి దగ్గరపడింది. దేశం ఎగుమతి చేసే రొయ్యల్లో పెద్ద వాటా ఆంధ్రప్రదేశ్‌ది, కొనే దేశాల్లో మొదటిది అమెరికా. దెబ్బ ఎక్కడ తగులుతుందో ఎవరికైనా తెలుస్తుంది. ప్రభుత్వాలు చూస్తూ కూర్చున్నాయని అనలేం. ఆక్వా రంగాన్ని ఆదుకోవాలని ముఖ్యమంత్రి కేంద్రానికి లేఖలు రాశారు. ఎగుమతిదారుల రుణ వాయిదాలకు రిజర్వు బ్యాంకు ఆ ఏడాది చివరిదాకా వెసులుబాటు ఇచ్చింది. నవంబరు 12న కేంద్ర మంత్రివర్గం ఎగుమతిదారులకు 20 వేల కోట్ల రూపాయల రుణాలకు హామీ ఉంటానంది. అదే రోజు 25,060 కోట్లతో ఎగుమతి ప్రోత్సాహక మిషన్‌కూ ఆమోదం తెలిపింది.

ఇవన్నీ అవసరమే. ప్లాంటు మూతపడితే రైతూ మునుగుతాడు, కూలీ కూడా మునుగుతుంది. కానీ ఇన్ని వేల కోట్ల లెక్కల్లో ఆ రాత్రి ఫోనుకు మాత్రం జవాబు లేదు. హామీతో అప్పు తెచ్చుకున్న యజమాని తన దగ్గర ఎంతమందిని పనిలో ఉంచాలో చెప్పే షరతు లేదు. 2020లో కోవిడ్ వేళ ప్రకటించిన 3 లక్షల కోట్ల రుణ హామీ పథకంలోనూ అటువంటి షరతు లేదు. యజమాని నిలబడితే కార్మికులూ నిలబడతారని నమ్మి ఊరుకున్నాం. నమ్మకం చాలదు, అది కాగితం మీద ఉండాలి అన్నదే నా వాదన.

నిజానికి పనిలేని రోజుల్లోనూ కార్మికుడిని నిలబెట్టాలన్న ఆలోచన మన చట్టానికి కొత్త కాదు. ఉద్యోగం ఊడిపోవడాన్నే మనం లేఆఫ్ అంటున్నాం గానీ, చట్టంలో ఆ మాటకు అర్థం వేరు. ముడిసరుకు లేకో, యంత్రం చెడిపోయో యజమాని కొన్నాళ్లు పని చూపించలేకపోతే అది లే ఆఫ్. కార్మికుడి పేరు మస్టరు (హాజరు పట్టీ)లోనే ఉంటుంది, మూలవేతనం, కరవు భత్యంలో సగం చేతికి రావాలి. పూర్తిగా తీసేస్తే అది రిట్రెంచ్‌మెంట్. అప్పుడు పనిచేసిన ప్రతి సంవత్సరానికి 15 రోజుల వేతనం ఇవ్వాలి. ఈ ఏర్పాటు 1953 నుంచి ఉంది, 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల స్మృతిలోనూ కొనసాగింది. అయితే సగం వేతనం నిబంధన 50 మంది కంటే తక్కువ ఉన్నచోట, సీజన్ పని జరిగేచోట వర్తించదు. కాజువల్ కార్మికులకు అసలే లేదు. వర్తించినచోట కూడా ఆ సగమంతా యజమానే భరించాలి. ఆర్డర్లు లేక అప్పు కోసం తిరుగుతున్నవాడు పనిలేని రోజులకు డబ్బెక్కడినుంచి తెస్తాడు? అందుకే కాగితం ఇవ్వడు, ఫోను చేస్తాడు.

జర్మనీ ఈ ముడిని విప్పింది. అక్కడ కుర్ట్‌సార్‌బైట్ అనే ఏర్పాటు ఉంది. పని తగ్గిన కంపెనీ మనుషులను తీసేయకుండా పని గంటలు తగ్గిస్తుంది. చేసిన గంటలకు కంపెనీ జీతమిస్తుంది. పోయిన నికర జీతంలో 60 శాతం, పిల్లలున్నవారికి 67 శాతం నిరుద్యోగ బీమా నిధి భరిస్తుంది. 2020 ఏప్రిల్‌లో దాదాపు 60 లక్షల మంది ఇలాగే ఉద్యోగాల్లో నిలిచారు. బతకలేని కంపెనీలను కూడా ఇది బతికిస్తుందన్న విమర్శ ఉంది, అందులో నిజముంది. దానికి విరుగుడు గడువు పెట్టడం.

మనకు బీమా నిధి లేదా అంటే, ఉంది. యజమానులు, కార్మికులు కట్టే చందాతో నడిచే ప్రభుత్వ బీమా ఈఎస్‌ఐలో అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన 2018 జూలైలో మొదలైంది. పని పోతే సగటు రోజు వేతనంలో 25 శాతం ఇచ్చేవారు, కోవిడ్‌లో 50 శాతం చేశారు. ఇచ్చేది గరిష్ఠంగా 90 రోజులు, అదీ జీవితంలో ఒక్కసారి. రోజుకు 400 రూపాయల కూలీ అనుకుంటే మొత్తం 18,000. సుంకం ఒక ఏడు వస్తుంది, రొయ్యలను చంపే తెల్ల మచ్చ తెగులు ఇంకో ఏడు వస్తుంది. రొయ్యలు వలిచే ఆడమనిషి బతుకులో కష్టం ఒక్కసారే వస్తుందని ఎవరు లెక్కగట్టారో నాకు అర్థం కాదు. పైగా వారానికి రెండు రోజులే పని దొరికే మనిషి ఈ పథకం కంటికి నిరుద్యోగి కాదు. నెలకు 21,000 దాటిన జీతగాళ్లు ఈఎస్‌ఐలోకే రారు కాబట్టి, హైదరాబాద్‌లో ఉద్యోగం పోయిన సాఫ్ట్‌వేర్ ఇంజినీరుకు ఈ కొంచెమూ లేదు. పీఎఫ్ తీసుకోవచ్చు కదా అంటారు. అది అతను దాచుకున్న సొమ్ము.

కేంద్రం 2025 ఆగస్టు నుంచి వికసిత్ భారత్ రోజ్‌గార్ యోజన కింద 99,446 కోట్లు ఖర్చు చేస్తోంది. అదనంగా తీసుకున్న ఒక్కొక్క మనిషికీ యజమానికి నెలకు 3,000 రూపాయల దాకా ఇస్తుంది. ఉన్నవారిని పోగొట్టుకోకుండా ఉంచుకున్నందుకు మాత్రం విడిగా ఏమీ ఇవ్వదు. పదేళ్లుగా రొయ్య వలిచే చేతి వేగం కొత్త చేతికి ఒక నెలలో రాదు.

చేయగలిగింది కనబడుతూనే ఉంది. ఆరు రోజుల పని మూడు రోజులకు పడిపోతే, పోయిన మూడు రోజుల కూలీలో సగం ఈఎస్‌ఐ నిధి నుంచి నేరుగా కార్మికురాలి ఖాతాలో వేయాలి. ఆరు నెలల గడువు పెట్టాలి. యజమాని ఎవరినీ తీసేయకూడదు. 2019 జూలైలో ఈఎస్‌ఐ చందాను 6.5 శాతం నుంచి 4 శాతానికి తగ్గించారు. యజమానుల వాటాయే 4.75 నుంచి 3.25కు దిగింది. అందులో అర శాతం వెనక్కి తెచ్చి ఈ పనికి విడిగా నిధి పెట్టమని అడగడం అన్యాయం కాదు. దొంగ పేర్లు రాస్తారన్న భయమా? ఆ రోజ్‌గార్ యోజన డబ్బును పీఎఫ్ లెక్కలు, ఆధార్ చూసే ఇస్తున్నారు. అదే తనిఖీ ఇక్కడా పనికొస్తుంది.

అన్నిటికంటే ముందు కాంట్రాక్టరు పుస్తకంలో మాత్రమే ఉన్న పేర్లు ఈఎస్‌ఐ జాబితాకెక్కాలి. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు. పదిమంది పనిచేసే ఫ్యాక్టరీకి ఈఎస్‌ఐ ఇప్పటికే తప్పనిసరి. ఆక్వా కోసం రాష్ట్రం కేంద్రానికి ఈసారి రాసే లేఖలో రుణ వాయిదాల సంఖ్య పక్కనే ప్లాంట్ల మస్టర్లలో ఉన్న ఆడవాళ్ల సంఖ్య కూడా ఉండాలి. ఆ సంఖ్య కార్మిక శాఖ దగ్గర లేకపోతే, ప్లాంట్లకు వెళ్లి లెక్క తీయడంతోనే పని మొదలుపెట్టాలి.