కెర్నెల్ ఎక్కడుందో ఎవర్ని అడగాలి?

ప్రోగ్రాం సమయం ఎక్కడ పోతోందో చూపే లినక్స్ ప్రొఫైలర్ తీసే శాంపిళ్లలో (ఆయా క్షణాల్లో నడుస్తున్న కోడ్ అడ్రస్‌లలో), ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగమైన కెర్నెల్ అడ్రస్‌లూ ఉంటాయి. వాటికి ఫంక్షన్ పేర్లు పెట్టాలంటే కెర్నెల్ కోడ్ మెమరీలో ఎక్కడ మొదలైందో తెలియాలి. డిస్క్ మీది ఫైల్ చాలంటారు ఒకరు. నడుస్తున్న కెర్నెల్‌నే అడగాలంటారు ఇంకొకరు.

ఫైలువాది: వీఎంలినక్స్ ఫైల్, అంటే బిల్డ్ అయిన కెర్నెల్ ఫైల్, డిస్క్ మీద ఉండగా ఈ తంటా ఎందుకండీ? పేర్లు, డీబగ్ సమాచారంతో బిల్డ్ చేస్తే లైన్ నంబర్లు కూడా, అందులోనే ఉన్నాయి. ఎక్స్86-64లో కోడ్ మొదలయ్యే అడ్రస్ కూడా రాసే ఉంది: హెక్సాలో ఎనిమిది ఎఫ్‌లు, ఆపై 81000000.

మెమరీవాది: అది బిల్డ్ చేసేటప్పుడు లింకర్ అనే టూల్ రాసిన అడ్రస్. బూట్ అయ్యాక కెర్నెల్ అక్కడే ఉంటుందన్న హామీ ఏదీ? భద్రత కోసం కెర్నెల్ చోటును యాదృచ్ఛికంగా మార్చే కేఏఎస్‌ఎల్‌ఆర్ 2014లో లినక్స్ 3.14 వెర్షన్‌తో వచ్చింది. ఎక్స్86లో 2017 నాటి 4.12 నుంచి డిఫాల్ట్‌గానే ఆన్. బూట్ చేసినప్పుడల్లా చోటు మారుతుంది.

ఫైలువాది: మారనివ్వండి. కోడ్ మొత్తం ఒకే దూరం జరుగుతుంది కదా, ఆ దూరం కలుపుకుంటే సరి.

మెమరీవాది: ఆ దూరం మీ ఫైల్లో లేదుగా! ప్రాక్‌లోని కేఆల్‌సిమ్స్ (నడుస్తున్న కెర్నెల్ తన పేర్లూ అడ్రస్‌లూ చూపే ఫైల్) తెరిచి, కోడ్ మొదలును సూచించే అండర్‌స్కోర్ టెక్స్ట్ అనే సింబల్ అడ్రస్ తీసుకోవాలి. అందులోంచి ఫైల్లోని అడ్రస్ తీసేస్తే వచ్చేది ఆ దూరం. అదీ రికార్డ్ చేసేటప్పుడే రాసిపెట్టుకోవాలి, లినక్స్ ప్రొఫైలర్ పర్ఫ్ చేసేది అదే. రీబూట్ అయ్యాక అడిగితే వేరే జవాబు వస్తుంది.

ఫైలువాది: తప్పు దూరం వాడితే పేర్లే దొరకవు, వెంటనే తెలిసిపోతుంది.

మెమరీవాది: అన్నిసార్లూ కాదు, అక్కడే అసలు టెన్షన్. జరుగుడు కొద్ది మెగాబైట్లే అయితే అడ్రస్ కెర్నెల్ కోడ్ లోపలే ఇంకో ఫంక్షన్ మీద పడుతుంది. పేరు చక్కగా వస్తుంది, కాకపోతే తప్పు పేరు. ఇక కెర్నెల్‌కి తర్వాత జతయ్యే మాడ్యూల్స్ సంగతా? అవి వేరే చోట లోడ్ అవుతాయి, వీఎంలినక్స్‌లో వాటి ఊసే లేదు.

ఫైలువాది: మీ కేఆల్‌సిమ్స్ మాత్రం ఎప్పుడూ నిజం చెబుతుందా? రూట్ కాని యూజర్‌కి చాలాచోట్ల అడ్రస్‌లన్నీ సున్నాలే. కెర్నెల్ అడ్రస్‌లు దాచే కేపీటీఆర్ రిస్ట్రిక్ట్ సెట్టింగ్‌ని 2 పెడితే రూట్‌కీ అంతే.

మెమరీవాది: ఒప్పుకుంటాను. అప్పుడు టూల్ పేర్లు ఊహించకుండా అడ్రస్‌ని అడ్రస్‌గానే చూపించాలి.

ఫైలువాది: బిల్డ్ ఐడీ, అంటే ఏ బిల్డో చెప్పే గుర్తు, సరిపోయినా ఊహించకూడదా?

మెమరీవాది: బిల్డ్ ఐడీ సరిపోతే ఇది ఆ కెర్నెలే అని తెలుస్తుంది. ఎక్కడ కూర్చుందో తెలియదు.