పూడిక తీసి దారి మూస్తున్నారు

వానలకు ముందు ఒడిశాలోని మన సరిహద్దు పట్టణాల్లో మురుగు కాలువల పూడిక తీస్తారు. మంచి పనే. కానీ తీసింది ఎక్కడ పోస్తున్నారు? కాలువ పక్కనే, మనుషులు నడిచే చోట. బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వాళ్లకు ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. కాళ్లు బాగున్నవాళ్లు పంచె ఎగ్గట్టి దాటేస్తారు. మూడు చక్రాల బండి మీద తిరిగే మనిషికి మాత్రం ఆ రోజు నుంచి వీధి మూసేసినట్టే.

మా మేనత్త చంక కర్రలతో నడుస్తుంది. పోయినేడు వాళ్లింటి ముందు పోసిన కుప్ప తొమ్మిది రోజులు అలాగే ఉంది. ఆ తొమ్మిది రోజులూ ఆమె గడప దాటలేదు. ఫిర్యాదు చేద్దామంటే, "నా ఒక్కదాని కోసం ట్రాక్టర్ పంపమని అడుగుతామా ఏంట్రా" అంది. తన వీధిలో తను నడవడం కూడా ఎవరో చేసే ఉపకారం అనుకుంటోంది. నా బాధంతా అక్కడే.

మంచు కురిసే దేశాల్లోనూ ఇదే గొడవ. షికాగోలో కాలిబాట మీద పడిన మంచును పక్కనున్న ఇంటి యజమాని, దుకాణం యజమాని ఎత్తాలి. కనీసం 5 అడుగుల దారి తెరవాలి. రాత్రి 10 తర్వాత కురిస్తే పొద్దున్న 10 లోపు అయిపోవాలి. అయినా అక్కడి వికలాంగులు ఊరుకోలేదు. పది ఇళ్లవాళ్లు ఊడ్చి పదకొండో ఇంటాయన వదిలేస్తే చక్రాల కుర్చీ అక్కడే ఆగిపోతుంది. పైగా రోడ్డు మీద మంచు తోసే బండి ఆ కుప్పను తెచ్చి, మూలమలుపులో కుర్చీ దిగే వాలు మీదే పడేస్తుంది. అందుకే రోడ్లలాగే కాలిబాటలనూ నగరమే ఊడ్వాలని పోరాడుతున్నారు. స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్‌లో రోడ్ల కంటే మొదట కాలిబాటల మీద, బస్టాపుల దగ్గర మంచు ఎత్తే పద్ధతి తెచ్చారు.

నన్ను పట్టుకున్నది ఆ పదకొండో ఇల్లే. దారి మొత్తం ఉంటేనే దారి. తొంభై అడుగులు బాగుండి పది అడుగులు మూసుకుంటే మా మేనత్తకు అది సున్నా.

చట్టాలకు కొదవ లేదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం ఉంది. సదుపాయాల ప్రమాణాలు సలహాలుగా మిగలకూడదు, తప్పనిసరి నియమాలు కావాలని 2024 నవంబరులో రాజీవ్ రాతూరి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అడ్డంకులు లేని, వికలాంగులకు అనువైన ఫుట్‌పాత్ రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చే హక్కేనని 2025 మేలో మళ్లీ చెప్పింది. కానీ ఈ రోజు పోసిన కుప్పను ఎవరు, ఎన్ని గంటల్లో ఎత్తాలి? మా వీధిలో అడిగితే చెప్పేవాళ్లు లేరు.

తడి పూడికను వెంటనే ఎత్తితే ట్రాక్టర్ నుంచి ఊరంతా కారుతుంది, ఆరనివ్వాలి అంటారు. నిజమే, ఒక రోజు ఆరనివ్వండి. నాలుగడుగులు దారి వదిలి పోయండి. తొమ్మిది రోజులు ఉంచితే వానొచ్చి మళ్లీ అదే కాలువలోకి దిగుతుంది. మంచైతే ఎండకు కరుగుతుంది. మన పూడిక ఎండకు రాయిలా బిగుసుకుంటుంది.

అసలు జబ్బు ఇంకా లోతుగా ఉంది. మనకు కట్టడం మీద ఉన్న మోజు కట్టినదాన్ని చూసుకోవడం మీద లేదు. ర్యాంపు కడతాం, దాని మీద బైకులు పెడతాం. క్యాంపులో ట్రైసైకిల్ ఇచ్చి ఫొటో దిగుతాం. చైన్ తెగితే బాగుచేసే మనిషి ఉండడు. చేతిపంపు వేస్తాం, వాషర్ అరిగితే వదిలేస్తాం. ప్రారంభోత్సవానికి వచ్చే నాయకుల్లో ఒక్కరైనా ఏడాది తర్వాత అదే చోటికి వచ్చి చూశారా? శిలాఫలకం మీద కట్టించినవాళ్ల పేరుంటుంది, నడిపించాల్సినవాళ్ల పేరు ఉండదు. ఊరు ఊరులా ఉండటానికి కావలసింది ఆ రెండో పేరే.

కాబట్టి వచ్చే వానల్లోపు మూడు పనులు చేయాలి. పూడిక 24 గంటల్లో ఎత్తాలి. ఎత్తి పారబోశాకే కాంట్రాక్టరుకు బిల్లివ్వాలి, కాలువ తవ్వినందుకు కాదు. ప్రతి వార్డులో బాధ్యుడి పేరు, ఫోన్ నంబరు గోడ మీద రాయాలి, ఒడియాతోపాటు తెలుగులోనూ. మా మేనత్త ఒడియా చక్కగా మాట్లాడుతుంది, చదవడం రాదు.