పరగడుపు చక్కెర చెప్పని సంగతి

చావింట్లో పరామర్శకు వచ్చినవాళ్ల నోట తరచూ వినిపించే మాట ఒకటుంది: 'షుగర్ లేదు, బీపీ లేదు, మొన్ననే పరీక్షలన్నీ చేయించుకున్నాడు, ఇంతలోనే ఎలా పోయాడు?' ఆ మొన్నటి కాగితాన్ని బీరువాలోంచి తీసి నిదానంగా చదివితే జవాబు ఒక్కోసారి అందులోనే దొరుకుతుంది.

నలభై రెండేళ్ల మనిషి కాగితం ఇలా ఉందనుకుందాం. పరగడుపు చక్కెర 98, ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 112. కంగారు పడాల్సిందేమీ లేదు. ట్రైగ్లిజరైడ్లు (రక్తంలో తిరిగే ఒక రకం కొవ్వు) 210, హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్) 34. ఈ రెండింటి పక్కన ల్యాబ్ వాళ్లు నక్షత్రం గుర్తు పెట్టారు. 'వేపుళ్లు తగ్గించండి' అన్నారు డాక్టరుగారు. 'షుగర్ లేదంట' అని ఇంట్లో చెప్పి ఆయన కాగితం మడిచేశారు. నడుము చుట్టుకొలత అందులో లేనే లేదు. అడిగితే ప్యాంటు సైజు 34 అంటారు. అది బొజ్జ కిందికి జార్చి పెట్టుకున్న బెల్టు కొలత. చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పై అంచుకూ నడిమధ్య టేపు చుడితే 98 సెంటీమీటర్లు తేలుతుంది. దక్షిణాసియా మగవారికి హద్దు 90, ఆడవారికి 80.

విడివిడిగా చూస్తే చిన్నవిగా కనిపించే ఈ తేడాలన్నీ ఇన్సులిన్ నిరోధకత వైపే వేలు చూపిస్తున్నాయి. కండరాలు, కాలేయం ఇన్సులిన్ మాట వినకపోతే క్లోమం మరింత ఇన్సులిన్ పోసి పని జరిపిస్తుంది. అప్పులు తెచ్చి నెట్టుకొస్తున్న సంసారం బయటివాళ్లకు నిండుగానే కనిపించినట్టు, చక్కెర అంకె ఏళ్ల తరబడి నార్మల్‌గానే ఉంటుంది. ఈలోగా కొవ్వు పట్టిన కాలేయం రక్తంలోకి ట్రైగ్లిజరైడ్లను వదులుతూ పోతుంది. మంచి కొలెస్ట్రాల్ తగ్గుతుంది. ఎల్‌డీఎల్ అంకె పెద్దగా మారకపోయినా దాని రేణువులు చిన్నవై, చిక్కనవుతాయి. షుగర్ బయటపడేసరికి గుండె రక్తనాళాల్లో పూడిక మొదలై ఉండవచ్చు. స్టాన్‌ఫర్డ్ వైద్యుడు జెరాల్డ్ రీవెన్ 1988లోనే ఈ గుంపును ఒక్కచోట చేర్చి 'సిండ్రోమ్ ఎక్స్' అన్నారు. ఆ జాబితాలో ఆయన ఊబకాయాన్ని చేర్చలేదు. లావు లేనివారిలోనూ నిరోధకత ఉంటుందని ఆయన గమనించారు.

ఆ మాట మన ఒంటికి అతికినట్టు సరిపోతుంది. పుణె వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ వైద్యుడు జాన్ యుడ్కిన్ 2004లో తమ ఫొటోనే వైద్య పత్రికలో అచ్చేశారు. ఎత్తుతో పోల్చి బరువును చెప్పే బీఎంఐ ఇద్దరికీ ఒకటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. భారత వైద్య పరిశోధన మండలి వారి ఐసీఎంఆర్-ఇండియాబ్ సర్వే 2023లో వెల్లడించిన లెక్కల ప్రకారం దేశంలో బీఎంఐ కొలతతో ఊబకాయులు 28.6 శాతం, పొట్ట కొలతతో చూస్తే 39.5 శాతం. తూకం యంత్రానికి చిక్కనివాళ్లు టేపుకు చిక్కుతున్నారన్నమాట. పలు దేశాల్లో గుండెపోటు రోగులపై జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో దక్షిణాసియావాసులకు తొలి గుండెపోటు మిగతావారికన్నా అయిదారేళ్లు ముందే వచ్చినట్టు తేలింది. అమెరికా హృద్రోగ సంఘాల 2018 మార్గదర్శకాలు దక్షిణాసియా మూలాలనే ముప్పు పెంచే అంశంగా చేర్చాయి. డల్లాస్‌లో ఉన్న మన పిల్లలకూ అది వర్తిస్తుంది.

ఈ భయాన్ని సొమ్ము చేసుకునే ప్యాకేజీలకూ లోటు లేదు. 'ఇన్సులిన్, హోమా-ఐఆర్ ఉచితం' అంటూ ఫోన్లకు సందేశాలు వస్తున్నాయి. పరగడుపు ఇన్సులిన్‌ను చక్కెరతో గుణించి 405తో భాగిస్తే వచ్చేదే హోమా, ఇన్సులిన్ నిరోధకతను అంచనా వేసే అంకె. ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు 1985లో ఇచ్చిన సూత్రమిది, పరిశోధనలకు బాగా పనికొస్తుంది. కానీ ఇన్సులిన్ కొలత ల్యాబును బట్టి మారుతుంది. అందరూ ఒప్పుకున్న హద్దూ లేదు. అందరూ డబ్బు పోసి ఆ పరీక్ష చేయించుకోవాలని మేము అనం. చేతిలో ఉన్న కాగితమే చాలావరకు చెబుతుంది. పై మనిషి ట్రైగ్లిజరైడ్లను హెచ్‌డీఎల్‌తో భాగిస్తే 6 దాటుతోంది. 3 దాటగానే అనుమానించాలనే వైద్యులున్నారు. ట్రైగ్లిజరైడ్లు, చక్కెర కలిపి కట్టే మరో సూచిక ఉంది. 22 దేశాల్లో సుమారు 1.41 లక్షల మందిని ఏళ్ల తరబడి గమనించిన ప్యూర్ అధ్యయనంలో ఆ సూచిక ఎక్కువున్నవారికి గుండె జబ్బు, మధుమేహం ముప్పు ఎక్కువగా కనిపించింది. గుండె జబ్బుతో ఆ లంకె సంపన్న దేశాల్లోకన్నా మనలాంటి దేశాల్లోనే బలంగా ఉంది. ఇవన్నీ అనుమానం రేపే అంకెలే. జబ్బు ఉందని తేల్చేవి కావు, పొగ తాగే అలవాటునూ బీపీనీ ఎల్‌డీఎల్‌నూ పక్కకు నెట్టేవీ కావు.

ప్రభుత్వాల దగ్గర ఇందుకు కావలసిన సరంజామా సగం సిద్ధంగానే ఉంది. ముప్పై దాటినవారి కోసం ఆశా కార్యకర్తలు నింపే ఫారంలో నడుము కొలతకు గడి ఉంది, దానికి మార్కులూ ఉన్నాయి. ఆ తర్వాత జరిగేది వేలి రక్తంతో చక్కెర, బీపీ, మూడు రకాల క్యాన్సర్ల పరీక్ష. చక్కెర మామూలుగా వస్తే నడుము గడిలో పడిన అంకె గురించి అడిగే నాథుడుండడు. కొవ్వుల పరీక్ష ఈ వరుసలోనే లేదు. గోదావరి జిల్లాల 45 గ్రామాల్లో మరణాలను పరిశీలించిన అధ్యయనం 2006లోనే గుండె, రక్తనాళాల జబ్బులు 32 శాతం మరణాలకు కారణమని చెప్పింది. పల్లెకు పట్నం జబ్బు రాదనే భ్రమ అప్పుడే తొలగి ఉండాల్సింది.

నడుము హద్దు దాటినవారందరికీ, చక్కెర ఎంతున్నా, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం నుంచే కొవ్వుల పరీక్షకు నమూనా పంపాలి. తెలంగాణలో 2018 నుంచి ఉచిత డయాగ్నొస్టిక్ కేంద్రాలు నడుస్తున్నాయి కాబట్టి అక్కడ ఇది రేపే మొదలుపెట్టవచ్చు, ఆంధ్రప్రదేశ్ కూడా ఆలస్యం చేయకూడదు. రిపోర్టు మీద ట్రైగ్లిజరైడ్, హెచ్‌డీఎల్ నిష్పత్తిని ల్యాబులే వేసి ఇవ్వాలి. ఒక్క భాగహారానికి కొత్త యంత్రం అక్కర్లేదు. మూడుపూటలా అన్నమే తినే అలవాటు, కదలిక లేని కొలువుల గురించి మాట్లాడాల్సింది అప్పుడు, ఆ కాగితం పెట్టుకుని, ఆ మనిషితో. ముందుగా జిల్లా వైద్యాధికారులు ఒక పని చేయాలి. ఆశా కార్యకర్తల సంచుల్లో సాగిపోని, అంకెలు చెరిగిపోని టేపు ఉందో లేదో ఈ వారంలోనే చూడాలి.