ఓటరు చూసేది యూనిఫాం కాదు

మాజీ సైనికుడు ఎన్నికల్లో నిలబడితే ప్రచారమంతా యూనిఫాం చుట్టూనే తిరుగుతుంది. క్రమశిక్షణ, నిజాయితీ, ధైర్యం అన్నీ దాంతోపాటే వచ్చేస్తాయన్నట్టు మాట్లాడతారు. తెలంగాణ మంత్రి, కాంగ్రెస్ నేత నలమాద ఉత్తమ్ కుమార్ రెడ్డి విషయంలోనూ ఇప్పటికీ అదే వింటున్నాం. వాయుసేనలో మిగ్-21, మిగ్-23 విమానాలు నడిపిన పైలట్, ఆ తర్వాత రాష్ట్రపతి భవన్‌లో పనిచేసిన అధికారి. ఆ సేవను తక్కువ చేయాల్సిన పని లేదు. కానీ ఆయన శాసనసభ ప్రయాణాన్ని దాంతోనే అర్థం చేసుకోవాలనుకుంటే లెక్క కుదరదు.

1999, 2004లో కోదాడ, 2009 నుంచి హుజూర్‌నగర్. మొత్తం ఆరుసార్లు ఎమ్మెల్యే. ఇందులో హుజూర్‌నగర్ అంకెలు చాలా చెబుతాయి. 2018లో ఆయన ఆధిక్యం ఏడు వేల చిల్లర ఓట్లే. మరుసటి ఏడాది నల్లగొండ ఎంపీగా గెలిచి సీటు ఖాళీ చేస్తే, ఉపఎన్నికలో ఆయన భార్య పద్మావతిపై టీఆర్ఎస్ 43 వేలకు పైగా ఓట్లతో గెలిచింది. 2023లో అదే చోట ఆయనకు 44 వేలకు పైగా మెజారిటీ వచ్చింది. ఈ ఐదేళ్లలో సర్వీసు రికార్డులో ఒక్క అక్షరం మారలేదు. మారింది రాష్ట్ర రాజకీయ వాతావరణం, అధికార పార్టీ మీద జనం అభిప్రాయం.

ఉత్తరాఖండ్‌లో ఇది ఇంకా గట్టిగా రుజువైంది. దాదాపు ప్రతి ఊళ్లో మాజీ సైనికులుండే రాష్ట్రం అది. అక్కడ మేజర్ జనరల్ బి.సి. ఖండూరి ముఖ్యమంత్రిగా ఉంటూ, తన పేరునే పార్టీ నినాదంగా చేసుకుని 2012 ఎన్నికలకు వెళ్లారు. కోట్‌ద్వార్‌లో స్వయంగా ఓడిపోయారు. ఆయన పార్టీ బీజేపీ కూడా ఒక్క సీటు తేడాతో కాంగ్రెస్ కంటే వెనకబడింది.

సైన్యంలో పైవాడు చెబితే పని జరుగుతుంది. రాజకీయాల్లో ఆ హామీ లేదు. 2015 నుంచి 2021 దాకా ఉత్తమ్ పీసీసీ అధ్యక్షుడు. 2018లో గెలిచిన 19 మంది కాంగ్రెస్ ఎమ్మెల్యేల్లో 12 మంది ఏడాది తిరక్కుండానే అప్పటి అధికార పార్టీ టీఆర్ఎస్‌లో కలిసిపోయారు. అధ్యక్షుడిగా అది ఆయన వైఫల్యమే, ఆ మాట దాచక్కర్లేదు. అయితే అంత ఒత్తిడిలోనూ తాను మాత్రం కదల్లేదు. ఫిరాయింపు మామూలు విషయమైపోయిన రాష్ట్రంలో ఆ నిలకడకు నేను పెద్ద విలువే ఇస్తాను. దానికి కారణం వాయుసేన శిక్షణా, వ్యక్తిగత స్వభావమా అన్నది ఎవరూ తేల్చలేరు.

ఇక మంత్రిగా. పౌరసరఫరాల శాఖలో సన్నబియ్యం పథకం 2025 ఉగాది నాడు హుజూర్‌నగర్‌లోనే మొదలైంది. రేషన్ కార్డులో ఉన్న ఒక్కొక్కరికి నెలకు ఆరు కిలోలు. బియ్యం నాణ్యత ఇంట్లో వండుకున్నప్పుడే తెలిసిపోతుంది కాబట్టి దీని మీద తీర్పు జనమే చెప్తారు.

అసలు పరీక్ష నీటిపారుదల శాఖలో ఉంది. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట దగ్గర శ్రీశైలం ఎడమగట్టు కాలువ (ఎస్ఎల్‌బీసీ) సొరంగం కూలి ఎనిమిది మంది చిక్కుకుపోయారు. ఆర్మీ, నేవీ, ఎన్డీఆర్ఎఫ్, సింగరేణి బృందాలు దిగాయి. ఇన్ని బలగాలను ఒకచోట సమన్వయం చేయడంలో మాజీ అధికారి అనుభవం పనికొచ్చి ఉండొచ్చు. కానీ రెండు నెలలు వెతికినా దొరికింది ఇద్దరి మృతదేహాలే. పనికోసం వేరే రాష్ట్రాల నుంచి వచ్చిన ఆ కార్మికుల కుటుంబాలకు సమన్వయం ఎంత బాగా జరిగిందన్నది ముఖ్యం కాదు. ముందే నీరు, మట్టి కారుతున్న చోట పని ఎందుకు కొనసాగించారన్నది ముఖ్యం.

సైన్యంలో ప్రమాద విచారణ చాలావరకు సంస్థ లోపలే జరుగుతుంది. శాసనసభలో అలా కుదరదు, ప్రత్యర్థుల ముందు లేచి నిలబడి జవాబు చెప్పాలి. 2024 ఫిబ్రవరిలో నీటిపారుదలపై శ్వేతపత్రం, 2025 ఆగస్టు చివర్లో కాళేశ్వరం ఎత్తిపోతల ప్రాజెక్టుపై జస్టిస్ ఘోష్ కమిషన్ నివేదిక ఉత్తమే సభలో పెట్టారు. అవి రెండూ ప్రధానంగా గత ప్రభుత్వాన్ని ప్రశ్నించేవి. ఎస్ఎల్‌బీసీ కూలింది మాత్రం తన హయాంలో. పాత ప్రాజెక్టుల మీద సభలో ఎంత వివరంగా మాట్లాడారో, ఈ సొరంగం మీద, ఆ ఎనిమిది మంది మీద కూడా అంతే వివరంగా మాట్లాడాల్సిన బాధ్యత ఆయనదే.