ఆడవాళ్ల ప్రాణం ‘అదనపు బాధ్యత’ అయిపోయింది

మా డెస్క్‌కి జిల్లాల నుంచి వచ్చే వార్తల్లో ఒక వాక్యం ఉంటుంది, చివరి పేరాలో, ఎప్పుడూ అదే చోట. ‘భర్త వేధింపులపై ఆమె గతంలో పలుమార్లు ఫిర్యాదు చేసినట్లు బంధువులు తెలిపారు.’ భార్యని చంపిన వార్త ఏ ఊరిదైనా, ఏ కులం ఇంట్లోదైనా ఈ లైన్ మాత్రం మారదు, దీన్ని టైప్ చేసీ చేసీ మాకు చేతులు అలవాటు పడిపోయాయి, ఈసారి మాత్రం చెయ్యి ఆగింది. పలుమార్లు ఫిర్యాదు చేసింది అంటే ఏంటి? స్టేషన్‌కి పోయింది, దెబ్బలకి పెద్దాసుపత్రికి పోయింది, మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేసింది, బహుశా హింసకి గురైన ఆడవాళ్లకి సాయం చేసే సఖి సెంటర్ మెట్లు కూడా ఎక్కింది. పోయిన ప్రతిచోటా మొదట్నించీ కథ చెప్పుకుంది. వీళ్లలో ఒక్కరైనా పక్క ఆఫీసుకి ఫోన్ చేసి ‘ఈమె మీ దగ్గరికి కూడా వచ్చిందా’ అని అడిగారా అంటే, అడగలేదు. అడగడం ఎవరి డ్యూటీ అంటే, అక్కడే వస్తోంది తంటా అంతా.

గృహహింస చట్టం 2005లో వచ్చింది, 2006 అక్టోబర్ 26 నుంచి అమల్లో ఉంది. అందరినీ కలిపే మనిషిని ఆ చట్టమే పెట్టింది, పేరు రక్షణ అధికారి. బాధితురాలి దగ్గర రిపోర్ట్ రాసుకుని మేజిస్ట్రేట్‌కి పంపడం, కాపీ స్టేషన్‌కివ్వడం, ఆసుపత్రికి తీసుకెళ్లడం, ఉచిత లాయర్‌ని చూపించడం, అవసరమైతే షెల్టర్‌లో పెట్టడం, అన్నీ ఆయన పనే. బాగానే ఉంది. మరి ఆ అధికారి ఎవరు? తెలంగాణలో జిల్లా సంక్షేమ అధికారి, ఆంధ్రాలో అంగన్‌వాడీలని చూసే ఐసీడీఎస్ ప్రాజెక్ట్ డైరెక్టర్‌కి ఆ పని అప్పగించారు. అంటే అంగన్‌వాడీ గుడ్ల లెక్క నుంచి బాల్యవివాహాల దాకా చూసే మనిషికే ఇదీ తగిలించారు, అదనపు బాధ్యతగా. జిల్లా మొత్తానికి ఒక మనిషి, ఆ మనిషికి ఇది పదో పనో పన్నెండో పనో. 2025 మే 20న సుప్రీంకోర్టు రాష్ట్రాలన్నిటికీ, ఎక్కడెక్కడ రక్షణ అధికారుల్ని పెట్టలేదో అక్కడ జిల్లా, తాలూకా స్థాయిలో 6 వారాల్లో గుర్తించి నియమించమని చెప్పాల్సి వచ్చింది. చట్టం వచ్చి 20 ఏళ్లవుతుంటే కోర్టు చెప్పిన మాట ఇది. సిగ్గుగా లేదా?

కోర్టు నోటీసు సంగతి చూడండి, చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ కేసులు చచ్చిపోయేది అక్కడే. చట్టం ప్రకారం మొదటి వాయిదా మామూలుగా 3 రోజుల్లో పడాలి, భర్తకి నోటీసు రెండు రోజుల్లో అందించాలి, దరఖాస్తు 60 రోజుల్లో తేల్చడానికి ప్రయత్నించాలి. నోటీసు ఇచ్చే బాధ్యత రక్షణ అధికారిది. ఆయన మీటింగ్‌లో ఉంటాడు, నోటీసు పట్టుకుని ఒక హోంగార్డో అటెండరో వెళ్తాడు, తలుపుకి తాళం, ‘ఊళ్లో లేడు’ అని రాసుకుని వచ్చేస్తాడు, వాయిదా పడుతుంది, మళ్లీ పోతాడు, మళ్లీ ఊళ్లో లేడు. అదే మనిషి పొద్దున్నే చౌరస్తాలో టీ తాగుతూ కనిపిస్తాడు, బీట్ కానిస్టేబుల్‌కి ఆ సంగతి తెలుసు కూడా, కానీ ఈ నోటీసు కానిస్టేబుల్‌ది కాదు కదా, ‘సంక్షేమ శాఖది’. ఇక ఆసుపత్రిలో క్యాజువాలిటీ డాక్టర్ చీటీలో ‘బాత్రూంలో జారిపడింది’ అని రాసేస్తారు. పక్కనే అత్తగారు నిలబడి ఉంటే ఆ పిల్ల ఇంకేం చెప్తుంది? ఒక్క నిమిషం అత్తగారిని బయట కూర్చోబెట్టి అడగాలని ఆ డాక్టర్‌కి ఎవరైనా నేర్పించారా?

ఈ చట్టాలు దుర్వినియోగం అవుతున్నాయి, మగవాళ్లని అన్యాయంగా ఇరికిస్తున్నారు అనే వాదన ఉంది, అలాంటి కేసులూ ఉండే ఉంటాయి, తప్పుడు కేసుని తేల్చడానికి కోర్టులున్నాయి. కానీ ఆ గొడవంతా భార్యని హింసించిన భర్త మీద, అత్తింటివాళ్ల మీద క్రిమినల్ కేసు పెట్టే పాత 498ఏ గురించి, ఇప్పటి భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 85 గురించి. గృహహింస చట్టం సివిల్ దారి, ఇందులో దరఖాస్తు పెట్టగానే ఎవర్నీ జైలుకి పంపరు, ఆమె అడిగేది రక్షణ, ఉండడానికి ఇల్లు, ఖర్చులకి డబ్బు. కోర్టు ఇచ్చిన రక్షణ ఉత్తర్వుని మీరితేనే కేసు.

శాఖలు కలిసి పనిచేయడం కష్టం అంటారు, సమన్వయ లోపం అంటారు. మేం ఒప్పుకోం. ఎలక్షన్ వస్తే రెవెన్యూ, పోలీసు, ఎక్సైజ్, రవాణా అందరూ ఒకే కంట్రోల్ రూంలో రాత్రంతా కూర్చోవడం లేదా? పల్స్ పోలియో రోజు బస్టాండ్‌లో కూడా పిల్లాడిని వదలరే? అంతెందుకు, 2025లో తెలంగాణలో 2,620 వైన్ షాపులకి, ఒక్కో దరఖాస్తుకి తిరిగిరాని 3 లక్షల ఫీజు కట్టించుకుని, జిల్లా జిల్లాకీ కలెక్టర్లే కూర్చుని డ్రా తీశారు. అది ఎవరికైనా అదనపు బాధ్యత అయిందా? జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడతలో, తరచూ తాగొచ్చే భర్తలున్న ఆడవాళ్లలో 70 శాతం మంది దెబ్బలో లైంగిక హింసో చూశామన్నారు, తాగని భర్తలున్న వాళ్లలో అది 23 శాతం. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు 1990ల మొదట్లో సర్వే అక్కర్లేకుండానే ఈ లెక్క చెప్పారు, సారా వేలం ఆపించారు. గృహహింస మీద జిల్లా మీటింగ్ పెడితే మాత్రం ఎక్సైజ్ వాళ్లకి కబురే వెళ్లదు. డబ్బొచ్చే పనికి కలెక్టర్, ప్రాణం పోయే పనికి అదనపు బాధ్యత, అంతే తేడా.

చేసి చూపించిన చోట్లు లేవా అంటే ఉన్నాయి. ముంబైలో బాంద్రా భాభా ఆసుపత్రిలో దిలాసా అనే కౌన్సెలింగ్ విభాగం 20 ఏళ్లకి పైగా నడుస్తోంది, దెబ్బలతో వచ్చిన మనిషిని అక్కడే కూర్చోబెట్టి మాట్లాడతారు. బ్రిటన్‌లోని కార్డిఫ్‌లో 2003 నుంచి పోలీసులు, ఆసుపత్రి, ఇళ్ల శాఖ, మహిళా సంఘాలు ఒకే టేబుల్ దగ్గర కూర్చుని, చంపేస్తారేమో అనే భయం ఉన్న కేసుల్ని పేరుపేరునా చర్చిస్తాయి. ఇదేం రాకెట్ సైన్స్ కాదు. మన దగ్గర జిల్లాకో సఖి సెంటర్ ఉంది, తెలంగాణ పోలీసుల షీ టీమ్స్ ఉన్నాయి, బాధితులకి సాయం చేసే భరోసా సెంటర్లు ఉన్నాయి, ఆంధ్రా సచివాలయాల్లో మహిళా పోలీసులు ఉన్నారు, ప్రతి ఆడమనిషికీ ఆదాయంతో పని లేకుండా ఉచిత లాయర్‌ని ఇచ్చే న్యాయ సేవాధికార సంస్థ ఉంది. మనుషులు, బోర్డులు ఉన్నాయి. లేనిది ఒక ఫైలు, ఆ ఫైలుకి జవాబు చెప్పే ఒక మనిషి.

పైన చెప్పిన కుటుంబ ఆరోగ్య సర్వేలోనే తెలంగాణలో, ఆంధ్రాలో నూటికి 80 మందికి పైగా ఆడవాళ్లే, ఏదో ఒక కారణానికి మొగుడు కొట్టడం సబబే అన్నారు. దేశం మొత్తంలో హింస చూసినవాళ్లలో సాయం అడిగింది 14 శాతమే. అంటే గడప దాటి వచ్చే ప్రతి మనిషీ ఎంత దూరం నడిచి వస్తుందో ఆలోచించండి, ఆమెని ‘ఇది మా పరిధి కాదమ్మా’ అని పంపేయడం అంటే మళ్లీ ఆ ఇంట్లోకే తోసేయడం.

మేం అడిగేది పెద్దదేం కాదు. మండలానికో రక్షణ అధికారి, ఇంకే పనీ లేకుండా. వారానికోసారి డీఎస్పీ, డాక్టర్, సఖి, ఎక్సైజ్, న్యాయ సేవ వాళ్లు కలిసే టేబుల్, ఆ టేబుల్ తల దగ్గర కలెక్టర్. నోటీసు అందించే పని స్టేషన్‌కి. డ్యూటీ ఎగ్గొట్టిన రక్షణ అధికారికి ఏడాది దాకా జైలు అని చట్టంలోనే ఉంది, కాకపోతే కేసు పెట్టాలంటే ప్రభుత్వమే ముందు అనుమతి ఇవ్వాలి, ఎంత అనుకూలంగా రాసుకున్నారో చూడండి.

ఆడవాళ్లపై హింసకి వ్యతిరేక దినం, నవంబర్ 25 వస్తుంది, మళ్లీ ర్యాలీ, క్యాండిళ్లు, ఫ్లెక్సీలు. ఈసారి ఆ ఫ్లెక్సీ మీద మంత్రిగారి ఫొటో పక్కన మీ మండలం రక్షణ అధికారి పేరు, ఫోన్ నంబర్ కూడా వేయించండి, వేయడానికి ఒక పేరంటూ ఉంటే.