నోరు తెరిపించి చూడండి

కూరలో కాస్త కారం తగిలినా నోరు భగ్గుమంటుంటే మనవాళ్లు ముందు మందుల షాపుకెళ్లి బి-కాంప్లెక్స్ మాత్రలు అడుగుతారు. చాలాసార్లు తగ్గిపోతుంది కూడా. హెచ్‌ఐవీతో జీవిస్తున్నవారు మాత్రం ఆ మాత్రలతో వారాలు నెట్టుకురావడం ప్రమాదకరం.

నాలుక మీద, అంగిట్లో పెరుగు తరకల్లాంటి తెల్లపూత, తుడిస్తే కింద ఎర్రగా ఒరుసుకుపోయిన చోటు. ఇది క్యాండిడా అనే శిలీంధ్రం పని. ఎందరి నోళ్లలోనో అది అణిగిమణిగి ఉంటుంది. ఒంట్లో రోగనిరోధక శక్తిని నిలబెట్టే సీడీ4 కణాలు తగ్గేకొద్దీ, ముఖ్యంగా క్యూబిక్ మిల్లీమీటరు రక్తంలో 200 లోపు పడిపోయాక విజృంభిస్తుంది. అన్నవాహికలోకి దిగిందంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో అది హెచ్‌ఐవీ నాలుగో దశ, అన్నిటికంటే తీవ్రమైనది. గుటక వేస్తే చాలు, రొమ్ము వెనక నొప్పి. అన్నం దిగని గొంతులో, హెచ్‌ఐవీని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మాత్ర ఎలా దిగుతుంది? ఒక పూట మానేస్తారు, ఆనక వారం. మా భయమంతా అక్కడే. ఫ్లూకొనజోల్ అనే శిలీంధ్రాల మందుతో సాధారణంగా రెండు మూడు వారాల్లో లొంగే జబ్బు, హెచ్‌ఐవీ మందునే మాన్పించేస్తుంది.

తెల్లపూత ఉన్నవారందరికీ హెచ్‌ఐవీ ఉన్నట్టు కాదు. షుగరు ఉన్నవారికి, కట్టుడు పళ్లవారికి, ఉబ్బసానికి స్టెరాయిడ్ ఇన్‌హేలర్ పీల్చేవారికి కూడా వస్తుంది. పక్కవారి నోరు చూసి గుసగుసలాడే చోట ఈ మాట గట్టిగానే చెప్పాలి.

మన దేశంలో ఏఆర్‌టీ మందులు 2004 నుంచి ఉచితం. ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే హెచ్‌ఐవీతో జీవిస్తున్నవారు 3 లక్షలకు పైగా ఉన్నట్టు జాతీయ అంచనా. మందుల కోసం ఏఆర్‌టీ కేంద్రానికి వచ్చినప్పుడల్లా టార్చి వేసి నోరు చూడటానికి అర నిమిషం చాలు. ఏఆర్‌టీ మాత్రలు వాడుతున్నవారిలో పూత మళ్లీ మళ్లీ వస్తుంటే, రక్తంలో వైరస్ ఎంత ఉందో చెప్పే వైరల్ లోడ్ పరీక్ష చేయించాలి.

పళ్ల డాక్టరు దగ్గర మరో చిక్కు. చిగుళ్లు కుళ్లి నెత్తురోడుతున్నా, వెనక్కి పంపేస్తారన్న భయంతో రోగులు తమకు హెచ్‌ఐవీ ఉన్న సంగతి దాచేస్తారు. ఆ భయాన్ని తీసేయాల్సింది వైద్యులే. చేతి తొడుగులు, పరికరాల శుద్ధి ఏ రోగికైనా తప్పనిసరి. హెచ్‌ఐవీ ఉందని కొత్తగా చేయాల్సిందేమీ లేదు. 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉన్న హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం, హెచ్‌ఐవీ కారణంగా వైద్యం నిరాకరించడం నిషిద్ధం. ఫిర్యాదులు విని విచారించడానికి రాష్ట్రాలు అంబుడ్స్‌మన్ అనే అధికారిని నియమించాలని కూడా అందులోనే ఉంది. ఆ అధికారి పేరు, ఫోన్ నంబరు ప్రతి ఏఆర్‌టీ కేంద్రం గోడ మీద, మందులిచ్చే కిటికీ పక్కనే, పెద్ద తెలుగు అక్షరాల్లో రాయించండి.